నల్లని గాజుపలక

సముద్రమునకు నిలుకడ లేదు. చిత్రమునకు కదలిక లేదు. నిలువని దానిని కదలని దానియందు బంధింపవలెనని కోరువాడు ఛాయాగ్రాహకుడు. పర్వతమును చిత్రించువానికి ఈ చిక్కు లేదు. నేడు చూచిన శిఖరము రేపును అచ్చటనే ఉండును. సముద్రతీరమున నిలిచినవానికో, కన్ను మూసి తెరచునంతలో ఎదుటి దృశ్యము మారిపోవును. లేచిన అల విరుగును. విరిగిన అల నురుగగును. నురుగు ఇసుకలో ఇంకును. దాని వెనుకనే మరియొక అల లేచును. ఇందు ఏ క్షణమును పట్టుకొన్నచో సముద్రమును పట్టుకొన్నట్లగును? ఒక్క క్షణము చాలదని తలచినవారు ఒక ఉపాయమును అవలంబించిరి. కెమెరా కంటికి నల్లని గాజుపలకను అడ్డముగా నిలిపి, వెలుతురును తగ్గించి, కాలమును పెంచుటయే ఆ ఉపాయము. వెలుతురే ప్రాణముగా గల కళలో వెలుతురునకు అడ్డు కట్టుట వింతగా తోచును. ఆ వింతలో యుక్తి కలదు, అందము కలదు, కొంత నష్టమును కలదు.

విశాఖపట్టణమునుండి ఉత్తరముగా భీమునిపట్టణము వరకు సాగు తీరమార్గము ఇట్టి చిత్రములు తీయువారికి ప్రియమైన చోటు. దారికి ఎడమ ప్రక్క కొండలు, కుడి ప్రక్క బంగాళాఖాతము. రుషికొండ ఇసుకతీరము, మంగమారిపేట వద్ద ప్రకృతి మలచిన శిలాతోరణము, భూగర్భశాస్త్రజ్ఞులు వారసత్వ సంపదగా గుర్తించిన ఎఱ్ఱమట్టి దిబ్బలు, చివరకు గోస్తనీనది కడలిలో కలియు భీమిలి, ఒకదాని తరువాత ఒకటి వచ్చును. అచ్చటచ్చట రాళ్లు నీటిలోనికి చొచ్చుకొని పోయి, వచ్చు ప్రతి అలను ఎదుర్కొనుచుండును. ఈ ప్రాంతమున విస్తారముగా కనబడు రాతికి ఖోండలైటు అని పేరు. తూర్పుకనుమలలో నివసించు ఖోండు గిరిజనుల పేరే ఆ రాతికి వచ్చినది.

తూర్పుతీరము కావున ఇచ్చట సూర్యుడు సముద్రమునుండి ఉదయించును. కొంకణ కేరళ తీరములందు సాయంకాలము కనబడు శోభ ఇచ్చట ప్రభాతమున కనబడును. కావున చిత్రకారుడు తెల్లవారక మునుపే తీరము చేరవలెను. సూర్యోదయమునకు ముందు మసక వెలుతురులో, ఒక్కొక్క చిత్రమునకు కెమెరా అనేక సెకండ్ల కాలము తెరచియుండవలసి వచ్చును. అప్పుడు ఏ గాజు అవసరమును లేకయే అలలు మంచువలె మెత్తబడి కనబడును. సూర్యుడు పైకి వచ్చిన కొలది ఆ కాలము తరిగిపోవును. కొలది నిమిషములలోనే సెకండ్లు పోయి, సెకండులోని చిన్న భాగములు మిగులును. మెత్తని నీటిని కోరినవానికి అప్పుడు వెలుతురే అడ్డంకి యగును.

కెమెరాలోనికి వెలుతురు చేరుట కుళాయి క్రింద బిందె నిండుట వంటిది. బిందె నిండుటకు ఇంత నీరు కావలెనని లెక్క కలదు. మరను పూర్తిగా త్రిప్పినచో బిందె త్వరగా నిండును. ధార సన్నమైనచో ఆలస్యముగా నిండును. కటకములోని రంధ్రము కుళాయి మర వంటిది. దానిని ఎపర్చరు అందురు. షట్టరు తెరచియుండు కాలము ధార పడు కాలము. ధార తగ్గినచో కాలము పెరుగవలెను. ధార పెరిగినచో కాలము తగ్గవలెను. అట్లయినచో మరనే మరింత బిగింపరాదా, నల్లగాజు ఎందుకు అని అడుగవచ్చును. రంధ్రమును మిక్కిలి చిన్నది చేసినప్పుడు కాంతి దాని అంచుల వద్ద వంగి వ్యాపించును. దీనికి వివర్తనమని పేరు. అందువలన రాతి గరుకుదనము, ఇసుకలోని గీతలు పదును కోల్పోయి మసకబారును. పైగా ఏ కటకమునందైనను రంధ్రమును చిన్నది చేయుటకు ఒక హద్దు కలదు. కావున మరను అనువైన చోట ఉంచి, కుళాయి మూతికి గుడ్డ కట్టినట్లు, కటకము ముందు నల్లగాజును అమర్తురు.

ఈ గాజునకు న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టరు అని పేరు. న్యూట్రల్ అనగా తటస్థము. డెన్సిటీ అనగా సాంద్రత. ఎఱ్ఱగాజు ఎఱుపును పోనిచ్చి తక్కిన రంగులను ఆపును. పచ్చగాజు పచ్చదనమును పోనిచ్చి తక్కినవానిని ఆపును. ఈ గాజు మాత్రము ఏ రంగునందును పక్షపాతము చూపక అన్నిటిని సమానముగా తగ్గించును. అందువలననే దీనిని తటస్థమనిరి. చిత్రమునకు ఇది చేర్చునది ఏమియు లేదు. ఉన్న వెలుతురులో కొంత తీసివేయుట మాత్రమే దీని పని. అయినను పూర్తిగా తటస్థమైన గాజును చేయుట సులభము కాదు. గాఢమైన ఫిల్టరులు కొన్ని, కంటికి కనబడని పరారుణ కిరణములను చక్కగా అడ్డగింపలేవు. అట్టివానితో తీసిన చిత్రమునకు ఎఱ్ఱని గోధుమచాయ పట్టును. మరికొన్ని నీలిచాయను పట్టించును. ఆ చాయను పిదప సరిదిద్దుకొనవలసి యుండును.

ఫిల్టరుల గాఢతను తెలుపుటకు రెండు లెక్కలు వాడుకలో నున్నవి. మొదటిది, వెలుతురులో ఎన్నవ వంతు లోనికి పోవునో చెప్పు లెక్క. 2 అను గుర్తు గల గాజు సగము వెలుతురును, 8 గుర్తు గలది ఎనిమిదవ వంతును, 64 గుర్తు గలది అరువదినాలుగవ వంతును, 1000 గుర్తు గలది సుమారు వేయవ వంతును పోనిచ్చును. రెండవది సాంద్రత లెక్క. అందు సగము వెలుతురును ఆపు గాజునకు 0.3 అని గుర్తు. ఆ పైని ప్రతి 0.3 కును వెలుతురు మరల సగమగును. 0.9 అనగా మూడుమార్లు సగము చేయుట; 1.8 అనగా ఆరుమార్లు; 3.0 అనగా పదిమార్లు. రెండును రెండుతో పదిమార్లు వచ్చునట్లు గుణించినచో 1024 వచ్చును. దానినే వాడుకలో వేయి అందురు.

ఒక ఉదయము ఒక దృశ్యమునకు సెకండులో 30వ వంతు కాలము సరిపోవునని అనుకొన్నచో, మిగిలిన లెక్కకు గుణకారము చాలును. 8 గుర్తు గాజుతో ఆ కాలము సుమారు పావు సెకండగును. 64 గుర్తు గాజుతో రెండు సెకండ్లు దాటును. పదిమార్లు సగము చేయు గాజుతో 34 సెకండ్లగును. పావు సెకండులో అల తన రూపమును నిలుపుకొని, అంచుల వద్ద మాత్రము చెదరును. రెండు సెకండ్లలో ఒడ్డునుండి వెనుకకు మరలు నురుగు తెల్లని దారములవలె సాగి, నీరు పోయిన దారిని చూపును. 34 సెకండ్లలోనో, పది సెకండ్లకు ఒక అల వచ్చు తీరమున, మూడు నాలుగు అలలు వచ్చి పోవును. వాని రూపములన్నియు ఒకదానిలో ఒకటి కరగి, రాళ్ల చుట్టును పొగమంచు క్రమ్మినట్లు కనబడును. అదే నాలుగు నిమిషములైనచో ఆకాశమున మేఘములు సైతము చారలుగా సాగును. సముద్రము ఒక్కటియే, గాజు మారిన కొలది చిత్రము మారును.

ఛాయాగ్రహణ చరిత్రను తెలిసినవారికి ఈ కోరిక మరింత వింతగా తోచును. ఫ్రాన్సు దేశీయుడగు నిసెఫోర్ నియెప్సు 1826, 1827 ప్రాంతమున తన ఇంటి కిటికీనుండి కనబడు దృశ్యమును ఒక లోహపు పలకపై నిలిపెను. ఆ పలకకు గంటలకొలది వెలుతురు కావలసివచ్చెను. ఆలోగా సూర్యుడు ఆకాశమున ఒక వైపునుండి మరియొక వైపునకు జరిగెను. అందువలన ఎదురెదురుగా నున్న గోడలు రెండును ఒక్కమారే ఎండ కాచినట్లు ఆ చిత్రమున కనబడును. 1838లో లూయీ డగ్యేరు పారిస్ నగరమున ఒక పెద్ద వీథిని పైనుండి చిత్రించెను. అది జనసంచారముతోను గుఱ్ఱపుబండ్లతోను సందడిగా నుండు వీథి. చిత్రమునందో అది నిర్జనముగా నున్నది. నిమిషములకొలది తెరచియున్న కెమెరాకు, నడచిపోవువారు ఒక్కరును చిక్కలేదు. ఒక మూల మాత్రము ఒక మనిషి రూపము నిలిచెను. అతడు జోళ్లకు మెరుగు పెట్టించుకొనుచు కదలక నిలుచున్నవాడు. ఆ మహానగర వీథిలో నిలిచినవాడు ఒక్కడే చరిత్రకెక్కెను.

ఆనాటివారికి ఆ దీర్ఘకాలము కోరుకొన్నది కాదు, తప్పనిసరియైనది. దానిని తగ్గించుటకే అందరును కృషి చేసిరి. 1851లో ఇంగ్లండు దేశీయుడగు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు కొలోడియను పద్ధతిని ప్రకటించెను. దానివలన కాలము సెకండ్లలోనికి దిగెను. ఆ పద్ధతితోనే గుస్తావ్ లె గ్రే అను ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు 1856, 1857 సంవత్సరములలో సముద్ర చిత్రములను తీసి ఖ్యాతి గడించెను. విరుగుచున్న అలను అతడు విరుగుచున్నట్లే నిలిపెను. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జి పరుగెత్తు గుఱ్ఱమును వరుస కెమెరాలతో చిత్రించి, దాని నాలుగు కాళ్లును ఒక్కమారుగా నేలను విడుచు క్షణము కలదని నిరూపించెను. నేటి కెమెరాలు సెకండులో అనేక వేలవ వంతును సైతము పట్టుకొనగలవు. ఇంత కష్టపడి సంపాదించిన వేగమును ప్రక్కన బెట్టి, నల్లగాజును అడ్డము పెట్టి, మరల నాటి నిదానమును కోరి తెచ్చుకొనువారు నేడు కలరు. 1953లో ఇంగ్లండునందు జన్మించిన మైకేల్ కెన్నా ఇట్టివారిలో ప్రసిద్ధుడు. అతడు కొన్ని చిత్రములకు గంటలకొలది కెమెరాను తెరచియుంచెను. నాడు లేమి వలన వచ్చిన నిదానము నేడు కలిమిలో ఎన్నుకొన్న నిదానమైనది.

సముద్రచిత్రమున మరియొక చిక్కు కలదు. ఆకాశము మిక్కిలి ప్రకాశవంతము. రాళ్లు, ఇసుక మిక్కిలి చీకటి. ఆకాశమునకు సరిపోవు కాలమిచ్చినచో నేల నల్లబడును. నేలకు సరిపోవు కాలమిచ్చినచో ఆకాశము తెల్లబడి మేఘములు మాయమగును. లె గ్రే కాలమున ఈ చిక్కు ఇంకను పెద్దది. ఆనాటి పలకలు నీలికాంతిని ఎక్కువగా గ్రహించుటచే ఆకాశము వట్టి తెలుపుగా మిగులుచుండెను. కావున అతడు కొన్ని చిత్రములందు ఆకాశమునకు ఒక పలకను, సముద్రమునకు వేరొక పలకను వాడి, రెంటిని దిగంతరేఖ వద్ద అతికెను. నాడు రెండు పలకలతో చేసిన పనిని నేడు ఒక్క గాజుపలకతో చేయుదురు. దానిలో పై సగము నల్లగను, క్రింది సగము తేటగను ఉండును. నల్లని భాగము ఆకాశమును కప్పును; తేట భాగము నేలను విడిచిపెట్టును. దిగంతము గీత గీసినట్లున్న చోట నలుపు చటుక్కున ముగియు పలక సరిపోవును. యారాడకొండ వంటిది ఆ గీతను దాటి పైకి లేచిన చోట అట్టి పలక కొండ తలను అకారణముగా నల్లబరచును. అచ్చట నలుపు మెల్లమెల్లగా పలుచబడు పలకయే తగినది.

పని జరుగు విధానమున ఓర్పునకే పెద్దపీట. మొదట ట్రైపాడు కాళ్లను గట్టినేలపైనో రాతిపైనో నిలుపవలెను. ఇసుకలో నిలిపినచో వచ్చిన ప్రతి అలయు కాళ్ల క్రింది ఇసుకను తోడుకొని పోవును. కెమెరా వెండ్రుకవాసి క్రుంగినను చిత్రము చెడును. గాజును అమర్చుటకు ముందే దృశ్యమును కూర్చి, దూరమును సరిచూచి, ఆ అమరిక కదలకుండునట్లు చేయవలెను. ఏలయన గాఢమైన పలకను అమర్చిన పిమ్మట దానిగుండ చూచు కంటికి దాదాపు ఏమియు కనబడదు. పలక చుట్టు సందులేకుండ చూడవలెను. ప్రక్కనుండి చొరబడిన వెలుతురు చిత్రమున చారలను కలిగించును. మీటను చేతితో నొక్కక, తీగతోనో దూరమునుండి పనిచేయు సాధనముతోనో షట్టరును తెరువవలెను. ఉప్పుతుంపరలు గాజుపై పడినచో వెంటనే మెత్తని గుడ్డతో తుడువవలెను. ఇంటికి చేరిన పిదప ట్రైపాడును మంచినీటితో కడుగవలెను. లేనిచో ఉప్పు దాని కీళ్లను తినివేయును. మరియొక మాట. ఈ గాజు ఎంత నల్లనిదైనను దానిగుండ సూర్యుని చూడరాదు. కంటికి వెలుతురు తగ్గినట్లు తోచినను, పరారుణ కిరణములు దానిని దాటివచ్చి కన్నును చెరుపగలవు.

షట్టరు తెరచుకొన్న పిమ్మట చిత్రకారునికి చేయదగినది లేదు. ఆ అరనిమిషము అతడు కెమెరానుండి కన్ను తీసి, సముద్రమును స్వయముగా చూచును. నల్లగాజు వెనుక పలుకక పని జరుగుచుండును. ఏ అల పెద్దది, ఏ అల చిన్నది, నీరు ఏ రాతిని చుట్టి వచ్చుచున్నది అని అతడు తెలిసికొనునది ఆ వేళలోనే.

ఆ వేళలోనే తీరమున మరియొక దృశ్యము కనబడును. తెల్లవారుజామున జాలరులు పడవలను నీటిలోనికి త్రోయుచుందురు. వేరొక చోట పెద్దవలను సముద్రములో చుట్టివేసి, దాని త్రాళ్లను ఒడ్డుననుండి రెండు జట్లు లాగుచుండును. అడుగు వెనుక అడుగు వేయుచు, అందరు ఒక్కమారుగా ఊపిరి బిగబట్టి లాగు పని అది. ఈ దృశ్యమునకు అభిముఖముగా కెమెరాను నిలిపి 34 సెకండ్లు తెరచియుంచినచో ఏమగును? ఇసుకపై లాగిపెట్టిన పడవ నిశితముగా వచ్చును. దాని కట్టెపై నున్న మేకుల తలలు సైతము లెక్కింపవచ్చును. త్రాడు లాగువారు మాత్రము రారు. కదలుచున్న మనిషి ఏ ఒక్క చోటను నిండు సెకండైనను నిలువడు; కావున ఏ చోటను అతని గుర్తు పడదు. పది సెకండ్లు నిలిచినవాడు పారదర్శకమైన నీడవలె మిగులును. పడవ ఉండును, పడవవాడు ఉండడు. పారిస్ వీథిలో పనిమీద పోవుచున్నవారికి 1838లో జరిగినదే, భీమిలి తీరమున పని చేయుచున్నవారికి నేడును జరుగును. భేదమొక్కటే. డగ్యేరునకు వేరు దారి లేదు. నేటి చిత్రకారునికి కలదు. ఎవరిని ఉంచవలెనో ఎవరిని చెరిపివేయవలెనో నిర్ణయించునది గాజు కాదు, దానిని అమర్చిన చేయి.

జాలరికి ఆ చిత్రమును చూపినచో అతడు దానిని తన సముద్రముగా గుర్తించునా అన్నది ఆలోచింపదగిన ప్రశ్న. అతడు సముద్రమును అలల వలననే చదువును. ఏ అల వెనుక ఎంత ఎడము కలదు, ఎచ్చట విరుగుచున్నది, ఎప్పుడు పడవను త్రోయవలెను అనునవి అతనికి అక్షరముల వంటివి. దీర్ఘకాల చిత్రమున ఆ అక్షరములే చెరిగిపోవును. ఎగసిపడు కడలి పాలచెరువువలె శాంతముగా కనబడును. అందముగా కనబడుటలో దోషము లేదు. కాని విశాఖతీరమున అలల ఉద్ధృతిని ఎరుగక నీటిలో దిగి ప్రాణములు కోల్పోయినవారు అనేకులు. ఒడ్డునుండి లోనికి లాగుకొనిపోవు ప్రవాహములు ఆ తీరమున పలుచోట్ల ఏర్పడును. చెరువువంటి చిత్రమును చూచి, చెరువని తలచి దిగువాడు లేడని చెప్పలేము.

అట్లని దీర్ఘకాల చిత్రము అసత్యమని కొట్టివేయుటయు పొరపాటే. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున రాబ్ హోల్మన్ మున్నగు శాస్త్రజ్ఞులు 1980లలో సముద్రతీరములను కెమెరాలతో పరిశీలించిరి. వారు పది నిమిషముల కాలములో వచ్చిన దృశ్యములనన్నిటిని ఒక్క చిత్రముగా సగటు చేసిరి. విడివిడి అలలు అందు మాయమైనవి. వానికి బదులు తెల్లని పట్టెలు కనబడినవి. నీటి అడుగున ఇసుకమేటలు ఉన్నచోట అలలు మరల మరల విరుగును. కావున అచ్చట తెలుపు పేరుకొనును. ఆ పట్టె నడుమ నల్లని సందు కనబడినచో, అచ్చట లోతు ఎక్కువయని, నీరు ఆ సందునుండియే వెనుకకు పరుగెత్తునని ఊహింపవచ్చును. ఒడ్డున నిలిచిన కంటికి కనబడని ప్రమాదస్థానము, అలలను చెరిపివేసిన చిత్రమున బయటపడెను. ఒక్క అల ఒక్క క్షణపు వార్తను చెప్పును. వంద అలల సగటు అడుగున దాగిన నేలను గూర్చి చెప్పును. రెండును సత్యములే.

కావున నల్లగాజును వాడువానికి రెండు ధర్మములు ఏర్పడుచున్నవి. మొదటిది తన ప్రాణమును గూర్చినది. తీరమున దినమునకు రెండుమార్లు పోటు వచ్చును. రెండు పోట్ల నడుమ సుమారు పన్నెండు గంటల ఇరువదియైదు నిమిషములు పట్టును. అమావాస్యకును పూర్ణిమకును దగ్గరి దినములలో పోటు ఎక్కువ. వచ్చునప్పుడు పొడిగా నున్న రాతిదారి, మరలునప్పుడు నీటిలో మునిగియుండవచ్చును. పాచి పట్టిన రాయి తడిసినచో కాలు నిలువదు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము జాలరుల కొరకు అలల సూచనలను ప్రకటించుచున్నది. చిత్రకారుడును వానిని చూచుకొని బయలుదేరవలెను. చోటు ఎన్నుకొన్న పిమ్మట కొంతసేపు అలలను ఊరక గమనింపవలెను. ఏలయన పెద్ద అలలు ఎడము ఇచ్చి వచ్చుట కలదు. ఎంత చక్కని వెలుతురు వచ్చినను సముద్రమునకు వీపు త్రిప్పి నిలువరాదు. తీరమున వలలు బాగుచేసికొనువారిని ఒకమాట అడిగిన యెడల ఏ రాయి ఎప్పుడు మునుగునో వారు చెప్పుదురు.

రెండవ ధర్మము చూచువారిని గూర్చినది. చిత్రము క్రింద చోటును, దినమును వ్రాయు అలవాటు చాలమందికి కలదు. కాలమును కూడ వ్రాయుట మేలు. ఒకే రాతివద్ద ఒకే ఉదయమున రెండు చిత్రములు తీసి, ఒకదాని క్రింద సెకండులో 500వ వంతు అనియు, రెండవదాని క్రింద 34 సెకండ్లు అనియు వ్రాసి ప్రక్కప్రక్కన వ్రేలాడదీసినచో, చూచువాడు మోసపోవుటకు తావుండదు. మొదటిదానిలో అల రాతిపై విరిగి ముత్యములవలె చెదరుచుండును. త్రాడు లాగు జాలరి చేతినరములు ఉబ్బి కనబడును. రెండవదానిలో రాయి ఒక్కటే మంచులో నిలిచియుండును. పడవ ఒంటరిగా నుండును. ఆ రెంటిని చూచినవాడు మొదట ఏది అందమైనదని ఆలోచించును. పిదప ఆ అరనిమిషములో పడవ దగ్గర ఎవరుండిరి, ఏమి చేయుచుండిరి అని అడుగును. ఆ ప్రశ్నకు సమాధానము మొదటి చిత్రమున కలదు.